సాబుకు దొరికిన ఒకే ఒక్క కిర్దార్



పోయిన జుమ్మా రోజు మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో చిన్న లడాయి జరిగింది. మా పెద్ద మామూ ఒక ఫొటో పంపారు. తలపాగా చుట్టుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న పద్నాలుగు పదిహేనేళ్ల కుర్రాడు. కింద ఇలా రాసి ఉంది: "హాలీవుడ్‌ను ఏలిన మొదటి హిందూస్తానీ ముసల్మాన్. ఆస్కార్ గెలిచిన మైసూరు బిడ్డ. గర్వంగా షేర్ చేయండి."

ఐదు నిమిషాల్లో మాషా అల్లాహ్‌లు పదిహేను వచ్చాయి. పదహారోది రాలేదు. దమ్మామ్‌లో పనిచేసే మా ఖాలా కొడుకు "సినిమాల్లో ఆడినోడికి మాషా అల్లాహ్ ఏంటి భాయ్, తౌబా" అని పెట్టాడు. హైదరాబాద్‌లో పీజీ చదువుతున్న మా భతీజీ ఇంకో రాయి వేసింది: "ఈయన సినిమాల నిండా అంగ్రేజుల తారీఫే కదా. గులామీకి గురూర్ దేనికి?" మామూకు కోపం వచ్చింది. "పెద్దోళ్లు ఏదైనా పంపితే బహస్ చేయడం ఒకటి నేర్చుకున్నారు" అని గ్రూపులోంచి వెళ్లిపోయారు. రాత్రి ఇషా అయ్యాక నేనే ఫోన్ చేసి, సముదాయించి, మళ్లీ చేర్పించాను.

ఇదంతా నా ఫోనులో చదివిన మా చిన్నది ఒక్కటే అడిగింది. తొమ్మిదో క్లాసు చదువుతోంది. "అబ్బూ, ఇంతకీ ఈయన హీరోనా, కాదా?"

ఆ సవాల్‌కు నాకు వెంటనే జవాబ్ దొరకలేదు. అందుకే ఈ ముచ్చట.

ముందు అఖ్బార్‌వాలాగా నా డ్యూటీ చేస్తాను. ఫొటోలోని కుర్రాడి పేరు సాబు. ఆయన ఆస్కార్ గెలవలేదు. ఆయన నటించిన 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్'కు మూడు ఆస్కార్‌లు వచ్చాయి. అవి కెమెరాకు, కళా దర్శకత్వానికి, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు వచ్చినవి. ఆస్కార్ అందుకున్న మొదటి హిందూస్తానీ భాను అథయ్యా, 'గాంధీ' సినిమా దుస్తులకు, 1983లో. మామూ, మీరు ఇది చదువుతారని తెలుసు. ఫార్వర్డ్ చేసే ముందు ఒకసారి నాకు పంపండి, చూసి చెప్తాను. మళ్లీ గ్రూపు మాత్రం వదలకండి.

ఇక అసలు కిస్సా.

నేను సాబు పేరు మొదటిసారి విన్నది మా మర్హూం అబ్బా నోట. అబ్బా చిన్నప్పుడు ఊరి టాకీసులో 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' చూశారట. మా ఇంట్లో కరెంటు పోయిన రాత్రులు ఆ కథ చెప్పేవారు. అబూ అనే దొంగ పిల్లాడు, కళ్లు పోయిన బాద్షా, కుక్కగా మారిపోయిన అబూ, సీసాలోంచి బయటికొచ్చిన పెద్ద జిన్. జిన్ మూడు కోరికలు కోరుకోమంటే అబూ మొదట అడిగింది తిండి. వేడి వేడి సాసేజ్‌లు. "సాసేజ్ అంటే ఏంటి అబ్బా?" అంటే, "కీమా కబాబ్ అనుకో బేటా" అనేవారు. చివర్లో బాద్షా అబూను బడికి పంపి చదివించి, తర్వాత వజీర్‌ను చేస్తానంటాడు. అబూ ఆ మాట విని, ఎగిరే తివాచీ ఎక్కి పారిపోతాడు. అబ్బా అక్కడ ఆగి, "చదువుకోమంటే పారిపోయాడు. నువ్వు అట్లా చేయకు" అని దీపం ఆర్పేవారు. ఉర్దూ మీడియం బడిలో లెక్కల సార్ చేతిలో రూళ్లకర్ర చూసినప్పుడల్లా నాకు ఆ తివాచీ గుర్తొచ్చేది.

సాబు 1924 జనవరి 27న మైసూరు సంస్థానంలోని కారాపూర్‌లో పుట్టాడు. కబిని నది ఒడ్డున అడవి పల్లె అది. తండ్రి మహారాజా గజశాలలో మహావత్, అంటే మావటి. తల్లి, ఆ తర్వాత తండ్రి చిన్నతనంలోనే పోయారు. యతీమ్ పిల్లాడు గజశాలలోనే ఏనుగుల మధ్య పెరిగాడు. అప్పుడే రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు మైసూరు వచ్చాడు. లండన్ నిర్మాత అలెగ్జాండర్ కోర్డా కోసం కిప్లింగ్ కథ ఒకటి సినిమాగా తీయాలి. ఏనుగుకు భయపడని పిల్లాడు కావాలి. సాబు వాళ్ల కళ్లలో పడ్డాడు.

ఆ సినిమా 'ఎలిఫెంట్ బాయ్', 1937లో వచ్చింది. ఫ్లాహర్టీ మైసూరులో నెలల తరబడి రీళ్లు తిప్పుతూనే ఉంటే, కోర్డా విసిగిపోయి తన తమ్ముడు జోల్తాన్‌ను పంపాడు. మిగతా భాగం ఇంగ్లండ్‌లోని డెన్హమ్ స్టూడియోలో తీశారు. సాబును, అతని అన్న షేక్ దస్తగిర్‌ను ఓడ ఎక్కించి తీసుకెళ్లారు. వెనిస్‌లో ఆ సినిమాకు దర్శకత్వ బహుమతి వచ్చింది. ఏనుగు మీద సవారీ చేసే పిల్లాడు ఒక్క సినిమాతో లండన్‌లో సితారా అయిపోయాడు.

ఇక్కడ పేరు గురించి ఒక మాట. స్టూడియో వాళ్లు తెర మీద వేసింది ఒక్క మాటే: సాబు. ఇంటిపేరు లేదు, బాప్ పేరు లేదు. తర్వాతి పుస్తకాలు కొన్ని సాబు దస్తగిర్ అంటాయి, కొన్ని సెలార్ షేక్ సాబు అంటాయి. అన్న పేరును తమ్ముడికి తగిలించారని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈ గోల మనకు కొత్త కాదు. రేషన్ కార్డులో షేక్, ఆధార్‌లో ఎస్‌కే, పాస్‌పోర్టులో షైక్. మూడూ ఒకే మనిషి అని రుజువు చేసుకోవడానికి మీసేవా చుట్టూ తిరిగిన ఖాందాన్లు మనవి.

దస్తగిర్ అనే మాటకు ఫార్సీలో చెయ్యి పట్టుకుని ఆదుకునేవాడు అని అర్థం. బాగ్దాద్‌లో నిద్రిస్తున్న పీరాన్-ఎ-పీర్ షేక్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ గారి లఖబ్ అది. ఆయన మీది మొహబ్బత్‌తో మన రాయలసీమలో ఇంటికో దస్తగిరి కనిపిస్తాడు. ముసల్మాన్ ఇళ్లలోనే కాదు, హిందువుల ఇళ్లలోనూ. బాగ్దాద్ వలీ లఖబ్ ఉన్న ఇంటి పిల్లాడే 'బాగ్దాద్ దొంగ' సినిమాతో దునియాకు తెలియడం నసీబ్ ఆడిన ఆట.

ఇప్పుడు మా భతీజీ మాటకు వస్తాను, ఎందుకంటే ఆ పిల్ల అన్నదాంట్లో సగం సచ్ ఉంది.

సాబు రెండో సినిమా 'ది డ్రమ్', 1938. వాయవ్య సరిహద్దు పఠాన్ల కథ. అందులో సాబు షెహజాదా అజీమ్. బాబాయి ఘుల్ తెల్లదొరల మీద తిరుగుబాటుకు కుట్ర చేస్తాడు. షెహజాదా మాత్రం తెల్లదొరలకు వఫాదార్. తెల్లవాళ్ల ప్రాణాలు కాపాడతాడు. అంటే ఒకే సినిమాలో రెండు రకాల ముసల్మాన్. మంచి ముసల్మాన్ అంటే దొరకు నమ్మకస్తుడు. చెడ్డ ముసల్మాన్ అంటే దొర మీద తిరగబడినవాడు. మూడో రకం లేదు. ఆ సినిమా మన దగ్గర ఆడినప్పుడు బొంబాయిలో, మద్రాసులో జనం నిరసన తెలిపారు. అప్పటికి మన ఆంధ్రా జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అంటే మన తాతల కాలంలోనే ఈ సవాల్ అడిగారు. భతీజీ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు.

కానీ బేటీ, ఒక్క మాట. ఆ రోజు సాబు వయసు 14. అమ్మ లేదు, నాన్న లేడు. కథ రాసింది వాళ్లు, డబ్బు పెట్టింది వాళ్లు, తలపాగా ఎంత పొడవుండాలో చెప్పింది వాళ్లు. పిల్లాడి మీద గులామ్ అనే ముద్ర వేస్తే, ఆ కథ రాసిన కలం హాయిగా తప్పించుకుంటుంది. హిసాబ్ అడగాల్సింది ఆ కలాన్ని.

ఆ కలం పని 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో ఇంకా బాగా కనిపిస్తుంది. ఇది 1940 సినిమా. ఇంగ్లండ్‌లో మొదలైంది, యుద్ధం రావడంతో హాలీవుడ్‌లో పూర్తి చేశారు. సాబు అమెరికా చేరింది అలాగే. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, అదే పేరుతో 1924లో ఒక మూకీ సినిమా వచ్చింది. అందులో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ దొంగ. ఆ దొంగే హీరో. దొంగతనం చేసేది అతనే, షెహజాదీని ప్రేమించేది అతనే, చివరికి ఆమెను గెలుచుకునేదీ అతనే. మన తెలుగులో కూడా 1968లో 'బాగ్దాద్ గజదొంగ' వచ్చింది. అందులో రామారావు గారు ఉండగా దొంగ వేరు, హీరో వేరు అని ఎవరైనా అనగలరా?

1940లో మాత్రం దొంగను రెండు ముక్కలు చేశారు. దొంగతనం, సాహసం, జిన్‌తో బేరాలు, తివాచీ మీద ఎగరడం, చివర్లో బాణం వేసి జాఫర్‌ను చంపడం, ఈ కష్టమంతా సాబుకు. మొహబ్బత్, తఖ్త్, షెహజాదీ మాత్రం బాద్షా అహ్మద్ వేషం వేసిన ఇంగ్లీష్ నటుడు జాన్ జస్టిన్‌కు. సినిమా చూసి బయటికొచ్చినవాళ్లకు గుర్తుండేది సాబు ఒక్కడే. అయినా కథలో హీరో అతను కాదు.

"పిల్లాడు కదా, పిల్లాడికి ప్రేమ కథ ఎలా ఇస్తారు?" అని మీరు అడగొచ్చు. వాజిబ్ సవాలే. నేనూ అలాగే అనుకుని తర్వాతి సినిమాలు వరసగా చూశాను. 1942లో 'జంగిల్ బుక్'లో మోగ్లీ. అప్పటికి సాబుకు 18 ఏళ్లు. అదే ఏడు యూనివర్సల్ స్టూడియోలో 'అరేబియన్ నైట్స్'. ఖలీఫా హారూన్ అల్ రషీద్ వేషం జాన్ హాల్‌కు, నాయిక మారియా మాంటెజ్. సాబు వాళ్లిద్దరినీ కలిపే నమ్మకమైన దోస్త్. 1943లో 'వైట్ సావేజ్', 1944లో 'కోబ్రా వుమన్'. మళ్లీ వాళ్లే హీరో, హీరోయిన్. మళ్లీ ఇతనే దోస్త్. గడ్డం మొలిచింది, గొంతు మారింది, కిర్దార్ మారలేదు.

అప్పటి హాలీవుడ్‌లో హేస్ కోడ్ అని ఒక కట్టుబాటు ఉండేది. 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. తెల్లవాళ్లకు నల్లవాళ్లకు మధ్య ప్రేమ, పెళ్లి తెర మీద చూపకూడదని అందులో రాసుకున్నారు. రాసింది నల్లవాళ్ల గురించే అయినా, దాని నీడ మన రంగు వాళ్ల మీదా పడింది. 1947లో 'బ్లాక్ నార్సిసస్'లో సాబుకు మొదటిసారి మంచి ప్రేమ కథ దొరికింది. హిమాలయాల్లోని ఒక కాన్వెంటుకు చదువుకోవడానికి వచ్చే యువ జనరల్ వేషం. అతను ప్రేమించే పహాడీ అమ్మాయి కాంచీ వేషం వేసింది ఎవరో తెలుసా? ఇంగ్లీష్ నటి జీన్ సిమన్స్, ఒంటికి గోధుమ రంగు పూసుకుని. తెల్లమ్మాయి మన రంగు పూసుకోవచ్చు, మన వేషం వేయొచ్చు. మనవాడు మాత్రం తెల్లమ్మాయిని తెల్లమ్మాయిగా ప్రేమించకూడదు. అదే ఏడు 'ది ఎండ్ ఆఫ్ ది రివర్'లో సాబును బ్రెజిల్ తీసుకెళ్లి అమెజాన్ ఆదివాసీని చేశారు. సరిహద్దు పఠాన్, బాగ్దాద్ దొంగ, సముద్ర దీవి కుర్రాడు, అమెజాన్ ఆదివాసీ. ఇన్ని దేశాలూ వాళ్ల కళ్లకు ఒకటే ఊరు. చొక్కా లేకుండా నవ్వే కుర్రాడు ఒకడుంటే చాలు.

తెర బయటి సాబు వేరే మనిషి. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. హిందూస్తానీలు తెల్లవాళ్ల కింద లెక్క కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కాదని. అందరికీ ఆ తలుపు చట్టం ద్వారా తెరుచుకున్నది 1946లో. సాబు 1944లో పౌరుడయ్యాడు. అమెరికా సైన్యపు వైమానిక దళంలో చేరాడు. బి-24 లిబరేటర్ బాంబర్ విమానంలో తోక వైపు కూర్చుని మెషిన్ గన్ పేల్చే గన్నర్ పని. పసిఫిక్ యుద్ధంలో డజన్ల కొద్దీ దాడుల్లో పాల్గొన్నాడు. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం ఇచ్చారు. తెర మీద తివాచీ ఎక్కిన కుర్రాడు నిజంగా ఆకాశంలో ప్రాణాలకు తెగించాడు. అయినా యుద్ధం నుంచి తిరిగొచ్చాక స్టూడియోలు మళ్లీ అదే తలపాగా చేతికిచ్చాయి.

ఆ తర్వాతి సంవత్సరాలు దిగువకు పోయిన మెట్లు. 1948లో నటి మెరిలిన్ కూపర్‌తో షాదీ అయింది. ఇద్దరు పిల్లలు. కొడుకు పాల్ తర్వాత రాక్ సంగీతంలో పేరు తెచ్చుకున్నాడు. సినిమాలు చిన్నవైపోయాయి. 1950ల మొదట్లో లండన్‌లో ఒక సర్కస్‌లో ఏనుగులతో ఆట ఆడించాడు. మైసూరు గజశాల నుంచి బయల్దేరినవాడు, దునియా అంతా చుట్టి, మళ్లీ ఏనుగు దగ్గరికే వచ్చాడు.

ఇప్పుడు నాకు మనసు నొప్పి పెట్టిన సంగతి చెప్తాను. దర్శకుడు మెహబూబ్ ఖాన్ 'మదర్ ఇండియా' మొదలుపెడుతున్న రోజుల్లో బిర్జూ వేషానికి మొదట అనుకున్నది సాబునే. సాబు హిందూస్తాన్ వచ్చి ఎదురుచూశాడు కూడా. కానీ అతను అమెరికా పౌరుడు. ఇక్కడ పనిచేయడానికి పర్మిట్ కావాలి. ఆ కాగితం తేలలేదు. వేషం సునీల్ దత్‌కు వెళ్లింది. 1957లో సినిమా వచ్చింది, బిర్జూ చరిత్రలో నిలిచిపోయాడు. ఒక్కసారి ఊహించండి. ఎవరి చెయ్యీ పట్టుకుని నడిపించక్కరలేని కిర్దార్ అది. తన కోపం, తన తల్లి, తన పొలం, తన తిరుగుబాటు ఉన్న మనిషి. సాబు జిందగీ అంతా ఎదురుచూసిన వేషం సొంత వతన్‌లోనే దొరకబోయింది. పరాయి దేశస్తుడివని వతనే అడ్డు చెప్పింది.

1960లో అన్న షేక్ దస్తగిర్ దోపిడీలో హత్యకు గురయ్యాడు. 1963 డిసెంబర్ 2న సాబు గుండెపోటుతో ఇంతెఖాల్ అయ్యాడు. వయసు 39. అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగి పదిరోజులే అయింది. డిస్నీ కోసం చేసిన 'ఎ టైగర్ వాక్స్' ఆయన పోయాక 1964లో విడుదలైంది. లాస్ ఏంజెలెస్‌లోని ఫారెస్ట్ లాన్‌లో సమాధి ఉంది. హాలీవుడ్ ఫుట్‌పాత్ మీద ఆయన పేరుతో ఒక నక్షత్రం ఉంది.

ఇంతా చూశాక నాకు తట్టిన మాట ఇది. సాబు అమెరికా పౌరుడైన 1944లోనే బొంబాయిలో యూసుఫ్ ఖాన్ అనే కుర్రాడు మొదటి సినిమా 'జ్వార్ భాటా' చేశాడు. తెర మీద పేరు దిలీప్ కుమార్. ఆ పేరుతో ఆయన రైతు అయ్యాడు, దేవదాసు అయ్యాడు, సలీం అయ్యాడు. ఏ కిర్దార్ తలుపూ మూసుకోలేదు. సాబు పేరు సాబుగానే ఉంది. ఎవరూ మార్చమనలేదు, ఎందుకంటే ఆ పేరు వినడానికి వింతగా ఉండడమే వాళ్లకు సరుకు. కిర్దార్ మాత్రం ఒక్కటే దొరికింది. ఒకరు పేరు వదులుకుని వేషాలన్నీ సంపాదించారు. ఒకరు పేరు నిలుపుకుని ఒకే వేషంలో ఉండిపోయారు. మన పిల్లలకు ఈ రెండు బేరాల్లో ఏదో ఒకటే దొరుకుతుందంటే నేను ఒప్పుకోను.

ఒప్పుకోకపోవడానికి నా దగ్గర సబూత్ ఉంది. మన రాజమండ్రి అలీని చూడండి. సాబు లాగే పిల్లాడిగా తెర మీదికొచ్చాడు, 1981లో 'సీతాకోక చిలుక'లో కనిపించాడు. పేరు మార్చుకోలేదు. 1994లో 'యమలీల'లో హీరో అయ్యాడు. అతను హిందూ పాత్ర వేస్తే తెలుగు ప్రేక్షకుడు గుర్తింపు కార్డు అడగలేదు, నవ్వొస్తే నవ్వాడు. జనం అడ్డు కాదన్నమాట. అడ్డు ఎప్పుడూ కథ రాసే గదిలో ఉంటుంది. మన సినిమాల్లో ఇప్పటికీ ముసల్మాన్ అనగానే హీరో కోసం ప్రాణమిచ్చే దోస్త్, లేకపోతే బాంబు పెట్టేవాడు. 'ది డ్రమ్' లోని అజీమ్, ఘుల్. 1938 నాటి అవే రెండు కొలతలు. కరెంటు బిల్లు కట్టేవాడు, కూతురి ఎంట్రన్స్ ర్యాంకు కోసం దిగులు పడేవాడు, ఆఫీసులో ప్రమోషన్ రాక గొణుక్కునేవాడు అయిన ముసల్మాన్ ఏడీ? మనం అందరం అదే కదా.

దమ్మామ్ తమ్ముడికి కూడా జవాబ్ బాకీ ఉన్నాను. సినిమా జాయిజా నాజాయిజా అన్న బహస్ నాది కాదు, అది ఉలమా చూసుకుంటారు. కానీ తమ్ముడూ, నువ్వు చూడకపోయినా మిగతా జనం చూస్తున్నారు. తెర మీద నీకు ఏ ముఖం పెడుతున్నారో దాన్ని బట్టే ఎయిర్‌పోర్టులో నీ బ్యాగు తెరుస్తారు, దాన్ని బట్టే కిరాయి ఇల్లు ఇస్తారు, ఇవ్వరు. నగరంలో నేను ఇల్లు వెతుక్కున్న రోజుల్లో ఫోనులో నా తెలుగు విని "రండి సార్" అన్న ఒక ఇంటి యజమాని, పేరు చెప్పగానే "ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామండీ" అన్నాడు. ఆయన నన్ను ముందెన్నడూ చూడలేదు. ఎక్కడో ఏదో కథలో చూసి ఉంటాడు. కథ మన గడప దాకా వస్తుంది. కాబట్టి కథ రాసే పనిలో మనవాళ్లు ఉండాలి. తెలుగులో రాయాలి, మన ఇంటి భాషతో రాయాలి. అమ్మాయి ఇంజనీరింగ్ కాకుండా సాహిత్యం చదువుతానంటే "దాంతో ఏం తింటావ్?" అనే మనం, తర్వాత "సినిమాల్లో మనల్ని అట్లా చూపిస్తున్నారు" అని షిక్వా చేస్తే ఫాయిదా ఏమిటి? తెలుగులో డిగ్రీ చేస్తానన్నప్పుడు నా చుట్టాల్లో సగం మంది నా మీద జాలి పడ్డారు. జాలి పడకుండా ఫీజు కట్టినవారు మా అబ్బా.

ఇంకొక్క విషయం, ఇంట్లో పిల్లలున్నవాళ్లకు. డిస్నీ వాళ్లు 1992లో 'అల్లాదీన్' బొమ్మల సినిమా తీసినప్పుడు 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' నుంచి చాలా తీసుకున్నారు. దుష్ట వజీర్ పేరు జాఫర్, అదే పేరు. అబూ అనే పేరు కూడా తీసుకున్నారు. ఎవరికి పెట్టారో మీ పిల్లలను అడగండి, ఠక్కున చెప్తారు. కోతికి. మైసూరు మహావత్ బిడ్డ ప్రాణం పోసిన కిర్దార్ పేరు చివరికి హీరో భుజం మీద కూర్చునే కోతికి మిగిలింది. నాకు నవ్వు రాలేదు.

కాబట్టి మామూ, మాషా అల్లాహ్ వెనక్కి తీసుకోకండి. గజశాలలో పెరిగిన యతీమ్ పిల్లాడు దునియాను నవ్వించాడంటే మాషా అల్లాహ్ అనాల్సిందే. భతీజీ, నీ సవాల్‌ను కూడా వెనక్కి తీసుకోకు. రెండూ కలిపి చెప్తేనే సాబు కిస్సా పూర్తవుతుంది.

పోయిన ఇత్వార్ మగ్రిబ్ అయ్యాక మా చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' పెట్టాను. ఎనభై ఏళ్లు దాటిన సినిమా, పది నిమిషాల్లో లేచిపోతుందనుకున్నాను. లేవలేదు. సాసేజ్‌ల దగ్గర పడీ పడీ నవ్వింది. "కీమా కబాబ్ అనుకో" అన్నాను. చివర్లో అబూ తివాచీ ఎక్కి ఎగిరిపోతుంటే, "పని మొత్తం ఇతనే చేశాడు కదా అబ్బూ, మరి తఖ్త్ అతనికెందుకు?" అంది.

హీరోనా కాదా అన్న సవాల్ మళ్లీ అడగలేదు. తన జవాబ్ తనకు దొరికినట్టుంది. ఈ కొత్త సవాల్‌ను మాత్రం నేను నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను. మీ ఇంట్లో కూడా ఒక ఇత్వార్ ఈ సినిమా పెట్టి చూడండి. మీ పిల్లలు ఏం అడుగుతారో వినండి.

అల్లాహ్ ఆ యతీమ్ బిడ్డ మీద రహమ్ చేయుగాక.

ఖుదా హాఫిజ్.